ఎల్లారెడ్డిలో మోటరు, కామారెడ్డిలో మీట

మా బావకు మా అక్కే కరెంటు పెట్టిందని చుట్టాల్లో ఒక మాట తిరుగుతున్నది. మాచారెడ్డిలో ఒక పెండ్లి భోజనాల దగ్గర, ముందు వరుసలో కూర్చున్నది నేనని తెలియక, నా వెనకవాళ్లు ఆ మాటే చెప్పుకుంటూ అన్నం తిన్నారు. ఇంకొందరు అక్కను వదిలేసి నేరాన్ని గోడ మీది డబ్బా మీద వేశారు. అందులో ఏదో చేరిందట, మోటరు దానంతట అదే తిరిగిందట. కరెంటు దానంతట అది రాదు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు రమ్మని చెప్పి ఉంటేనే వస్తుంది. ఆ చెప్పడం ఎట్లా జరిగిందో జరిగిన వరుసలో రాసిపెట్టకపోతే, కొన్నాళ్లకు అక్క కూడా చుట్టాల మాటే నమ్ముతుందని నా భయం.

ఇంకో కారణమూ ఉంది. కామారెడ్డి గ్రంథాలయంలో బోర్ల మీద పుస్తకం ఉంది. కంప్యూటర్ల మీద సగం అల్మారా ఉంది. ఆ రెండూ ఒకే వైరు మీదికి వస్తే ఏమవుతుందో చెప్పే పుస్తకం మాత్రం లేదు. ఆ అల్మారాలను చివరిదాకా చూసినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. పదో తరగతితో నా బడి ఆగింది. బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం పెట్టుకున్నాను. మధ్యాహ్నం గిరాకీ ఉండని వేళ షట్టరు సగం దించి గ్రంథాలయానికి పోయి కూర్చునేవాణ్ణి. నాకు తెలిసిన ప్రతి ముక్కా అక్కడి బల్లల మీద దొరికిందే.

అక్కాబావలది ఎల్లారెడ్డి ఊరి చివర ఇల్లు. ఇంటి వెనక పొలం, పొలం ఆ చివర బోరు. బావ చాలాకాలం మస్కట్‌లో కరెంటు పని చేసి వచ్చాడు. అక్కడి పెద్ద ఇండ్లల్లో దీపాలు, తలుపులు, ఏసీలు ఫోనుతో నడవడం చూసి, తిరిగొచ్చాక తన ఇంటికీ అదే పెట్టుకున్నాడు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు. దాన్ని సర్వరు అంటారు. ఇంట్లో దీపాలు, మిద్దె మీది నీళ్ల ట్యాంకు, బోరు మోటరు అన్నీ దాని చెప్పుచేతల్లోనే ఉంటాయి. బోరు దగ్గర స్టార్టర్లను దొంగలు ఎత్తుకుపోతున్నారని మోటరు స్టార్టరును కూడా ఇంట్లోకే తెచ్చి, ఆ కంప్యూటరు పక్కనే గోడకు బిగించాడు. ఆ కంప్యూటరుకు ఆయన పెట్టిన పేరు ‘జీతగాడు’, అంటే పాలేరు.

“నిద్రపోడు, కల్లు తాగడు, ఎదురు మాట్లాడడు. గిసోంటి జీతగాడు ఎవనికన్న దొరుకుతడా?” అనేవాడు వచ్చినవాళ్లతో.

జీతగానికి ఆయన ఒక ముఖ్యమైన పని నేర్పాడు. కరెంటు పోయి వస్తే, పోయేముందు విన్న ఆఖరి మాటను మళ్లీ అమలు చెయ్యాలి. మోటరు నడుస్తుండగా కరెంటు పోతే, వచ్చాక మోటరును మళ్లీ వేస్తాడన్నమాట. మా దగ్గర రైతులందరూ ఏదో ఒక తీరుగా ఇదే పెట్టుకుంటారు. కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వస్తుందో కనిపెట్టుకుని కూర్చోవడం ఎవరి వల్లా కాదు.

పొలంలో ఉన్న బావకూ ఇంట్లో ఉన్న అక్కకూ మధ్య మిస్డ్ కాల్ భాష ఒకటి నడిచేది. ఒకసారి మోగి ఆగితే మోటరు వెయ్యమని. వెంటవెంట రెండుసార్లు మోగితే బంద్ చెయ్యమని. పని అయిందని అక్క తిరిగి ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది. ఒకరి ఫోను ఒకరు ఎత్తేవాళ్లు కాదు. ఫోను ఎత్తితే పైసలు కట్ అయ్యే కాలంలో పుట్టిన అలవాటు అది. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా లెక్క లేకపోయినా అలవాటు అట్లాగే ఉండిపోయింది.

ఈ ఎండాకాలం మొదట్లో అక్క కంటి ఆపరేషన్‌కు కామారెడ్డి వచ్చి మా ఇంట్లో ఉన్నది. ఒక కంటికి కట్టు, దాని మీద నల్లద్దాలు. అయినా మోటరు బాధ్యత వదల్లేదు. బావ ఎల్లారెడ్డి పొలంలో నిలబడి మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. మా వంటింట్లో పీట మీద కూర్చున్న అక్క ఫోనులో మీట నొక్కేది. అక్కడ నీళ్లు పడేవి. గంటన్నర బస్సు ప్రయాణమంత దూరాన్ని అక్క బొటనవేలితో దాటుతుంటే నేను ముచ్చటపడి చూసేవాణ్ణి.

కొన్ని రోజులకు అది ఆగిపోయింది. ఎంత నొక్కినా తెర మీద చక్రం తిరగడమే తప్ప ఇల్లు దొరకడం లేదు. వరి పొట్ట మీద ఉన్నది, నీళ్లు తప్పకూడదు. బావ ప్రతిసారీ పొలం చివర నుంచి ఇంటిదాకా నడిచి మోటరు వేసి, మళ్లీ నడిచిపోతున్నాడు. నాకు పని దొరికింది.

ముందు బావకు ఫోను చేసి, ఇంట్లో వైఫై మీద జీతగాడు దొరుకుతున్నాడా అని అడిగాను. దొరుకుతున్నాడు. లోపల బాగానే ఉండి, బయట నుంచి అందడం లేదంటే దారిలో ఏదో అడ్డం పడిందని అర్థం. పాస్‌వర్డు చూశాం, సరిగానే ఉంది. తర్వాత, వైఫై డబ్బా తన చిరునామా ఏమని చెబుతున్నదో బావతో చదివించాను. బయటి లోకానికి ఆ ఇల్లు ఏ చిరునామాతో కనబడుతున్నదో అదీ చదివించాను. రెండూ వేరు. సంగతి అర్థమైంది. ఇంటర్నెట్టువాళ్లు ఏదో మార్చి, చాలా ఇండ్లను ఒకే చిరునామా వెనక పెట్టేశారు. ఇక బయట నుంచి ఎవరు తట్టినా ఆ తట్టుడు ఏ ఇంటికో తెలియదు.

“అంటె మన ఇంటికి పత్తా లేకుంట చేసిన్రా?” అన్నాడు బావ.

“బయటోళ్లకు లేదు బావా. గని లోపటోడు బయటికి పోవచ్చు. జీతగాన్నే బయటికి పంపి, అక్కడొక మిషను కాడ నిలబెడుదం. మనం ఆడికి పోయి వాన్ని కలుస్తం.”

“ఎప్పటికి నిలబడే ఉంటడా?”

“ఉంటడు.”

“పాపం,” అన్నాడు బావ.

ఇది గ్రంథాలయంలో చదివిన విద్యే. బయట ఎక్కడో ఉన్న మిషనులో కొంచెం చోటు అద్దెకు తీసుకున్నాను. జీతగానికి చెప్పాల్సిన మాటలను నేను ఫోనులో ఒక్కో అక్షరం చదువుతుంటే, బావ తన మొద్దు వేళ్లతో కొట్టాడు. తప్పు పడ్డప్పుడల్లా “ఇది మీ అక్క లెక్క, ఒక్క మాట ఎక్కువ తక్కువైతె అలుగుతది” అనేవాడు. ఫోను స్పీకరులో ఉన్నదని ఆయనకు తెలుసు. “కన్ను కట్టుకున్న గని చెవులు కట్టుకోలె” అని అక్క వంటింట్లోంచి అరిచేది.

చివరికి కలిసింది. అయితే ముందున్నంత చురుకుగా లేదు. మీట నొక్కాక జవాబు రావడానికి కొంచెం ఆలస్యం. నొక్కామా లేదా అని అనుమానం వచ్చేంత ఆలస్యం. ఆ వెలితి నాకు నచ్చలేదు. రాత పనిలో అయితే ఆలస్యం వట్టి ఆలస్యమే. మోటరు విషయంలో మాత్రం, మనం ఒక పని చేశాక అది ఇంకా జరగకుండా దారిలో ఎక్కడో ఉన్నదన్న ఊహ నన్ను ఇబ్బంది పెట్టింది. అక్కకు చెబితే నవ్వింది.

అది జరిగిన రోజు ఆదివారం, దుకాణం తెరవలేదు. పొద్దున బావ మిస్డ్ కాల్ వచ్చింది. అక్క మోటరు వేసింది. తెర మీద మోటరు నడుస్తున్నట్టు పచ్చగా చూపించింది. కాసేపటికి రెండుసార్లు మోగింది. అక్క బంద్ చేసింది. “గింత జల్దిన బంద్ ఎందుకు?” అనుకున్నది గాని అడగలేదు. అడగాలంటే ఫోను చెయ్యాలి.

అక్కడ జరిగింది నాకు తర్వాత తెలిసింది. మోటరు తిరుగుతున్నట్టు చూపినా నీళ్లు రాలేదు. బోరు మూతి దగ్గర, లోపలికి దిగే వైరును పై వైరుతో కలిపిన అతుకు ఉంటుంది. దాని మీది టేపు ఎండకు పగిలింది. బావ బంద్ చేయించి, ఆ టేపు విప్పి, రాగి తీగలు బయటికి తీసి కూర్చున్నాడు. మా దగ్గర ఎవరైనా వైరు ముట్టుకునే ముందు స్టార్టరులోంచి ఫ్యూజులు పీకి అంగీ జేబులో వేసుకుంటారు. ఫ్యూజు జేబులో ఉంటే ఇంకెవరూ మోటరు వెయ్యలేరు. కానీ ఇప్పుడు ఫ్యూజుల కోసం పొలం దాటి ఇంటిదాకా నడవాలి. మీట కామారెడ్డిలో ఉన్నది. ఫోను చేసి వెయ్యొద్దని చెబితే సరిపోతుందని ఆయన అనుకున్నాడు. ఫోను చేశాడు.

అక్క ఫోను మోగింది. పాట మొదలై సాగుతూ పోయింది. ఎప్పుడూ అంతసేపు మోగదు. నా చెయ్యి దాని మీదికి పోయింది.

“ఎత్తకు,” అన్నది అక్క.

“చానసేపు మోగుతుంది అక్కా.”

“చేతులకు బురద ఉంటది. కట్ చేస్తందుకు రాలె. ఒక్కటే గద, మోటరు వెయ్యమంటుండు. వెయ్యి తమ్మీ.”

“ఇప్పుడే బంద్ చేపిచ్చిండు గద?”

“ఒక మడి పారింది, ఇంకో మడికి నీళ్లు తిప్పిండు. నీకు జిరాక్సులు ఎరుక గని, పారకం ఎరుకనా?”

పాట ఆగింది. నేను ఇంకా ఆలోచిస్తున్నాను. అక్క తన ఫోను తీసుకున్నది. ఆ మీట ఎక్కడ ఉంటుందో ఆమె బొటనవేలికి తెలుసు. చూడాల్సిన పని లేదు. నొక్కింది.

ఆ ఆలస్యం మొదలయింది. చక్రం తిరుగుతున్నది. అదే సమయానికి ఫోను మళ్లీ మోగింది. బావ. పాట రెండో చరణం దగ్గరికి రానే లేదు, మధ్యలో తెగిపోయింది. ఎవరో కట్ చేసినట్టు లేదు. మాట్లాడుతున్న మనిషి నోరు మూసినట్టు ఉన్నది.

తెర మీద మోటరు పచ్చగా అయింది. మరుక్షణం ఇల్లు మొత్తం బూడిద రంగుకు తిరిగింది. దీపాలు, ట్యాంకు, మోటరు, ఏదీ అందడం లేదని కింద ఒక చిన్న వాక్యం.

అక్క “రెండు సార్లయింది, బంద్ చెయ్యమంటుండు” అని మళ్లీ నొక్కింది. ఇల్లు అందలేదు. మళ్లీ నొక్కింది.

ఆ వంటింట్లో నిలబడి నేను ఆలోచించిన వరుస ఇది. జీతగానికి బ్యాటరీ ఉంది, వైఫై డబ్బాకు లేదు. ఇల్లు ఒక్కసారిగా మాయమైందంటే అక్కడ కరెంటు పోయింది. మోటరు పడ్డ క్షణంలోనే పోయిందంటే, మోటరు వైరులో ఏదో తాకింది. తాకింది ఏదో నేను ఊహించడానికి ఇష్టపడలేదు. తర్వాతి సంగతి మాత్రం ఊహ కాదు. జీతగాడు విన్న ఆఖరి మాట ‘వెయ్యి’. మేము నొక్కుతున్న ‘బంద్’ వాడికి చేరడం లేదు. వైఫై డబ్బా లేచి, దారి మళ్లీ కలిసేదాకా చేరదు. సబ్‌స్టేషనువాళ్లు మళ్లీ కరెంటు ఇవ్వగానే వాడు మాకంటే ముందే మోటరు వేస్తాడు.

“బావకు ఫోన్ చెయ్యి,” అన్నాను.

అక్క చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. అక్క నా వైపు తిరిగింది. “నా ఫోను ఆయన ఎప్పుడెత్తిండు? మోటరు పడ్డదని మిస్డ్ కాల్ కొట్టిననుకుంటడు,” అన్నది. అనేటప్పటికే గొంతు తగ్గిపోయింది. నా ఫోనుతో చేశాను. నాదీ ఎత్తలేదు. ఇప్పుడు మా ఇద్దరికీ ఒకే సంగతి తెలుసు.

పక్కింటామె గుర్తొచ్చింది. రోజంతా అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే మనిషి. మొదటి మోగుడుకే ఎత్తింది.

“వదినా, మా అక్కోళ్ల ఇంట్లకు ఉరుకు. గోడకు డబ్బలుంటయి చూడు.”

“ఏమైంది తమ్మీ? కరెంటు గిట్ల ఇప్పుడే పోయింది.”

“అది వచ్చేలోపట పోవాలె. ఉరుకు.”

చాట కింద పెట్టిన చప్పుడు, గాజుల చప్పుడు, గేటు చప్పుడు. “వచ్చిన. రెండు డబ్బలున్నయి. ఒకటి ఇనుపది, ఇంకోటి కండ్లు మిటకరిస్తుంది.”

“ఇనుపది తెరువు. కింద తెల్ల పింగాణీ ఫ్యూజులుంటయి. మూడు గుంజెయ్యి.”

“అమ్మో, షాకు కొడితె?”

“చెప్పులున్నయా కాళ్లకు?”

“ఇంట్లకు ఎవలన్న చెప్పులేసుకొని పోతరా తమ్మీ? గడప అవతల ఇడిసిన. పక్కపొంటే దేవుని అర్ర ఉండె.”

అక్క నా చేతిలోంచి ఫోను గుంజుకున్నది. “ఏసుకొని పోయే! చెప్పులతోటే పో! దేవునికి నేను చెప్పుకుంట!”

అడుగుల చప్పుడు పోయి, చెప్పుల చప్పుడు తిరిగొచ్చింది. తర్వాత ఏమీ వినబడలేదు. ఆమె ఊపిరి మాత్రం వినబడింది. “ఒకటి వచ్చింది... రెండోది బిగుసుకున్నది... వచ్చింది... మూడోది, ఆఁ, మూడూ నా చేతుల ఉన్నయి.”

అప్పుడు ఫోనులో ‘టక్’మని వినబడింది.

“నేను ముట్టలె తమ్మీ!” ఆమె అరిచింది. “కండ్లు మిటకరించేది దానంతటదే టక్కుమన్నది! ఇంట్ల ఫ్యాను తిరుగుతుంది. కరెంటు వచ్చింది.”

జీతగాడు తనకు చెప్పిన పని చేశాడు. మోటరు వేశాడు. ఫ్యూజులు ఆమె చేతిలో ఉన్నాయి కాబట్టి ఆ మాట స్టార్టరు దగ్గరే ఆగింది. పొలంలోకి పొమ్మని, ఫోను పెట్టొద్దని ఆమెను బతిమాలాను. మేమిద్దరం నేల మీద కూర్చుని ఆమె పరుగు విన్నాం. ఎండిన గట్ల మీద చెప్పులు, ఎక్కడో మేక, చాలాసేపు గాలి. అక్క నా మోచెయ్యి పట్టుకున్నది. గోళ్లు దిగాయి.

“పడ్డడు,” అన్నది ఫోను.

అక్క ఫోను మీదికి వంగింది.

“బోరు కాడ పడ్డడు... చెయ్యి... ఓ అన్నా! ఓ అన్నా! ... ఉన్నడు తమ్మీ. ఉన్నడు. కండ్లు తెరుస్తుండు. అక్కకు చెప్పు.”

అంబులెన్సు ఎల్లారెడ్డి దవాఖానాకు, అక్కడి నుంచి కామారెడ్డికి తెచ్చింది. తీగలను పట్టుకున్న కుడిచెయ్యి అరచేతిదాకా కాలింది. తడి నేల మీద పడ్డ మనిషి బతకడం అదృష్టమని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. అన్నం కలుపుతుంటే అవి రెండూ ముద్దకు దూరంగా నిలబడి ఉంటాయి.

చూడడానికి రామారెడ్డి నుంచీ మాచారెడ్డి నుంచీ చుట్టాలు వచ్చారు. నల్లద్దాలు పెట్టుకుని మంచం పక్కన కూర్చున్న అక్కను పెద్దమనిషి ఒకాయన సూటిగానే అడిగాడు. “కన్ను కనబడనిదానివి, మీట నీకెందుకమ్మా?”

బావ మంచం మీంచే జవాబు చెప్పాడు.

“నేనే వెయ్యమన్న మామా. మిస్డ్ కాల్ ఇచ్చిన, ఆమె వేసింది. అండ్ల ఏమున్నది?”

వెయ్యొద్దని చెప్పడానికే ఆయన ఫోను చేశాడని ఆ గదిలో ముగ్గురికి తెలుసు. ఆయన కళ్లు నావైపు తిరిగి, నోరు మెదపొద్దన్నట్టు చూశాయి. మెదపలేదు. కానీ ఆయన మాట కూడా అక్కను కాపాడలేకపోయింది. చుట్టాలు అందులోంచి ‘ఆమె వేసింది’ అనే ముక్కను మాత్రమే ఊరికి తీసుకుపోయారు.

చేతి కట్టు విప్పకముందే బావ, ఆ రోజు నుంచి బంద్ ఉన్న దారిని మళ్లీ కలపమని నన్ను అడిగాడు. “వరి ఎండుతది బామ్మర్దీ. ఈ చేతితోటి నేను గట్ల మీదకెల్లి ఎన్నిసార్లు తిరగాలె?” కలిపాను. ఆఖరి మాటను గుర్తుంచుకునే అలవాటు మాత్రం జీతగానికి మాన్పించాను. ఇప్పుడు కరెంటు పోయి వస్తే వాడు ఊరికే ఉంటాడు. ఉండాలి. అయినా ఎల్లారెడ్డిలో కరెంటు పోయిందని వింటే నేను దుకాణంలో పని ఆపి తెర చూస్తాను. మోటరు మీట బూడిద రంగులోంచి తన రంగుకు వచ్చేదాకా, అది ఏ రంగుకు వస్తుందో తెలియదు. నేను చదివిన పుస్తకాలన్నీ అది పచ్చగా రాదనే చెబుతాయి. చూస్తూనే ఉంటాను.

పేర్లు రాయొద్దని బావ అన్నాడు కాబట్టి వరుసలతోనే అందరికీ దండం పెడుతున్నాను. దేవుని అర్ర ముందు నుంచి చెప్పులతో నడిచిన పక్కింటి వదినకు. బావను మట్టిలోంచి ఎత్తి, దారంతా ఆయనతో మాట్లాడుతూ కూర్చున్న అంబులెన్సు తమ్మునికి. రోజూ కట్టు మార్చిన సిస్టరమ్మకు. ఆ మధ్యాహ్నాలన్నీ నన్ను లేపకుండా ఫ్యాను కింద కూర్చోనిచ్చిన గ్రంథాలయం సారుకు. పేరు తనదే ఎక్కువగా నలిగినా ఇది రాయడానికి ఒప్పుకున్న అక్కకు.

రాసింది అక్కకు చదివి వినిపించాను. “వెయ్యి తమ్మీ” అన్న చోట చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆ ముక్క తీసేయమంటావా అని అడిగాను. అడ్డం పెట్టిన చెయ్యి తీసింది.

“ఉండనియ్యి,” అన్నది. “అన్న గద.”